రెండు కేబుళ్ళూ ఒకే స్విచ్‌లో

ఫిబ్రవరి 18, సోమవారం

ఇవాళ మీటింగులో ల్యూబెన్ నన్ను "డోనెవా గారూ" అన్నాడు.

పదకొండేళ్ళు "ఇస్క్రా అక్కా" అని నోరారా పిలిచినవాడు. కేబుల్ కొసకి క్లిప్పు బిగించడం వాడికి నేర్పింది నేను. ఆగస్టులో సర్వర్ గదిలో ఏసీ ఆగిపోయి, వేడికి వాడు కళ్ళు తిరిగి పడిపోతే మొహాన నీళ్ళు కొట్టింది నేను. ఇప్పుడు వాడు మా కంప్యూటర్ విభాగానికి అధిపతి. సరే, కుర్చీ వాడికిచ్చారు. నేను ఏడవలేదు. ఏడ్చినా వాడి ముందు ఏడవలేదు.

గొడవ కొత్త సర్వర్ల గురించి. రెండు వచ్చాయి. ల్యాబు, బ్లడ్ బ్యాంకు, ఎక్స్‌రేలు, ఆసుపత్రి మొత్తం ఇక వాటి మీదే నడవాలి. ఒక్కో సర్వర్ వెనకాల రెండు నెట్‌వర్క్ పోర్టులున్నాయి. ఆ రెంటినీ జట్టు కట్టి ఒక్కటిలా పని చేయించాలి. ఆసుపత్రి కంప్యూటర్లకీ వీటికీ మధ్య దారి రెండు స్విచ్ పెట్టెలు, ఒకదాని కింద ఒకటి. ఎలా కట్టాలన్నదే తగవు. ఒక కేబుల్ పై స్విచ్‌కి, ఇంకోటి కింది స్విచ్‌కి పెడదామన్నాను నేను. ఒకటి పని చేస్తుంటే రెండోది కాచుకుని ఉంటుంది. ఒక స్విచ్ చచ్చినా ఆసుపత్రికి తెలియను కూడా తెలియదు. రెండూ పై స్విచ్‌కే పెట్టి కలిపేద్దాం, వేగం రెండింతలవుతుందన్నాడు వాడు. "రెండింతలు" అన్నప్పుడు డైరెక్టరమ్మ వైపు చూశాడు.

కాదు రా. ఒక డాక్టరు ఒక ఎక్స్‌రే తెరిస్తే అది వచ్చేది ఒక్క కేబుల్ మీదే. రెండో కేబుల్ వల్ల ఆ డాక్టరుకి అర సెకను కూడా మిగలదు. వందమంది ఒకేసారి మీద పడితే అప్పుడేమన్నా తేడా కనిపిస్తుంది. ఇది వాడికి తెలీదా? నేను చెప్పిన పాఠమే.

డైరెక్టరమ్మ హరలంపియెవా గుండె డాక్టరు. ఆమెకి ఇవన్నీ తెలియనక్కర్లేదు. ఏది వేగం అని ఒకే ప్రశ్న అడిగింది. ఆ స్విచ్ పోతే ఏంటి గతి అని నేనడిగాను. దానికి వాడు చాలా మర్యాదగా, "డోనెవా గారూ, పదేళ్ళలో ఆ స్విచ్ ఎన్నిసార్లు పోయింది?" అన్నాడు.

ఒక్కసారీ పోలేదు. అందరూ నవ్వారు.

ఫిబ్రవరి 19

వద్దన్నానని కాగితం మీద రాసి, కింద కాగితాలు తీసుకునే ఆఫీసులో ముద్ర కొట్టించి, నకలు నా దగ్గర ఉంచుకున్నాను. ముద్ర కొట్టే మనిషి ఆవలిస్తూ కొట్టింది. కొట్టిందిగా, అది చాలు.

ఫిబ్రవరి 22, శుక్రవారం

కట్టేశాను. వాడు చెప్పినట్టే, అక్షరం తప్పకుండా. నాలుగు కేబుళ్ళూ పై స్విచ్‌లో. కింది స్విచ్‌లో పోర్టులు ఖాళీగా నోరు తెరుచుకుని చూస్తున్నాయి. కేబుళ్ళ మీద పేర్లు కూడా అతికించాను, అందంగా. "ఏమంటారు, బాగుందిగా" అని ల్యూబెన్ వెనక నుంచి వచ్చాడు. మీరు చెప్పినట్టే ఉంది సార్ అన్నాను. సార్ అనేసరికి వాడి మొహం మాడిపోయింది. ఈ వారంలో నాకు దొరికిన సుఖం అదొక్కటే.

ఫిబ్రవరి 25

నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

మార్చి 1, శుక్రవారం

ల్యాబుకి వెళ్ళాను. జ్లాత్కా నా మణికట్టుకి ఎర్ర దారం, తెల్ల దారం పేనిన మార్టెనిత్స కట్టింది. వసంతంలో మొదటి కొంగ కనబడేదాకా విప్పకు, కోపమొచ్చి తెంపేయకు అంది. స్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చున్నప్పటి నుంచీ అదే కడుతోంది, అదే అంటోంది. ఇరవై ఆరేళ్ళుగా బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్‌ల తాళాలు దాని దగ్గరే ఉన్నాయి.

కొత్త సర్వర్లు ఎలా ఉన్నాయే అని అడిగాను. పాతవి ఎలా ఉన్నాయో అలానే ఉన్నాయంది. వేగం? ఏం వేగం, అదే గిరగిరా తిరిగే గుండ్రం బొమ్మ అంది. నవ్వు ఆగలేదు నాకు. డైరెక్టరమ్మ కూడా అడిగిందట, రెండింతలన్నారుగా, ఏదీ అని. ల్యూబెన్ ఏదో నసిగాడట.

చాలా రోజుల తర్వాత ఆకలేసింది. దారిలో చీజ్ పెట్టిన బానిత్స రొట్టె కొనుక్కుని నడుస్తూనే తినేశాను.

మార్చి 3, ఆదివారం

సెలవు. దేశ విమోచన దినం, రేపూ సెలవే. జెండాలు, బ్యాండు. మధ్యాహ్నం క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి వండాను. నా ఒక్కదానికే ఇరవై నాలుగు చుట్టలు. నలుగురికి వండటం అలవాటైన చెయ్యి, ఆగదు. నదికి అవతల రొమేనియా వైపు పొగమంచు.

ల్యూబెన్ ఫోన్ చేశాడు. పండగ శుభాకాంక్షలు చెప్పాడు. రెండు నిమిషాలు. రాయడానికేం లేదు.

ఉప్పు ఎక్కువైంది.

మార్చి 5

నా పని చెప్పింది చెయ్యడం. అందరి ముందూ చెప్పింది, ముద్ర పడింది. అంతకు మించి నాకు సంబంధం లేదు. నేను ఎవరి మనసులోదో చదివి పని చేసే మనిషిని కాదు.

మార్చి 7, గురువారం

పొద్దున పది దాటాక పై స్విచ్ దానంతటదే ఆగి మళ్ళీ లేచింది. మూడు నిమిషాలు. ఎవరూ ఫోన్ చెయ్యలేదు, ఎవరికి వాళ్ళు తమ కంప్యూటరే మొరాయించిందనుకుని ఉంటారు. చెవి పెట్టి విన్నాను. లోపల ఫ్యాను గీరుకుంటోంది.

చెప్పాల్సింది ఫిబ్రవరిలోనే చెప్పాను.

మార్చి 8

మహిళా దినోత్సవమట. ల్యూబెన్ నా బల్ల మీద పసుపు తులిప్ పెట్టి వెళ్ళాడు. తీసుకెళ్ళి జ్లాత్కాకిచ్చాను. "మనిషి పాపం పూలిస్తే నీకేమైందే" అంది. దానికేం తెలుసు.

మార్చి 13, బుధవారం

నిన్నటి సంగతి నిన్న రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తాను, వరసగా.

నిన్న పదకొండున్నరకి నేను రోడ్డవతల పళ్ళ క్లినిక్‌లో ప్రింటర్ బాగు చేస్తున్నాను. ఫోన్ కోటులో, కోటు పక్క గదిలో. పదకొండు నలభైకి పై స్విచ్ చచ్చిపోయింది. నాలుగు కేబుళ్ళూ అందులోనే ఉన్నాయి కాబట్టి రెండు సర్వర్లూ ఒక్కసారే కళ్ళు మూశాయి. సర్వర్లకి ఏమీ కాలేదు, హాయిగా తిరుగుతూనే ఉన్నాయి. వాటిని చేరే దారే లేదు.

పన్నెండు దాటాక క్లినిక్ గుమస్తా వచ్చి, మీ ఆసుపత్రి వాళ్ళు మీ కోసం కేకలేస్తున్నారంటే పరుగెత్తాను. పరుగెత్తుతూ ఏమనుకున్నానో అదీ రాస్తాను, ఇది ఎవరూ చదవరు గనక. చూశారా, అనుకున్నాను. ఇప్పుడు చూశారా.

సర్వర్ గదిలో ల్యూబెన్ మోకాళ్ళ మీద కూర్చుని ఆ చచ్చిన స్విచ్ తీగ పీకుతున్నాడు, పెడుతున్నాడు. లే అని పక్కకి నెట్టాను. మానిటరు, కీబోర్డు లాక్కొచ్చి ఒక్కో సర్వర్‌కీ తగిలించి, వాడి జట్టు విప్పేసి, నా పద్ధతిలో కట్టి, కేబుళ్ళు కింది స్విచ్‌కి మార్చాను. ఒక్కోదానికి నాలుగు నిమిషాలు. పన్నెండు ఇరవై ఒకటికి అంతా లేచింది. లేచింది అని అరిచాను. కారిడార్‌లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అప్పుడు తెలిసింది.

పదకొండున్నరకి కాన్పుల వార్డులో ఒకామె బిడ్డని కన్నది. ఆడపిల్ల. కనగానే రక్తం పోవడం మొదలైంది, ఆగలేదు. పేరు మిగ్లెనా, ముప్పై ఒకటి. రెండేళ్ళ కింద ఆమెకి ఇక్కడే గర్భం పోయింది. ఆమె రక్తంలో ఏదో తేడా ఉందని, దొరికిన రక్తమల్లా ఎక్కించకూడదని అప్పుడు రాసి పెట్టారు. ఏ సీసాలు పనికొస్తాయో కూడా రాసి ఉంది. ఆ రాత మొత్తం సర్వర్‌లో ఉంది.

జ్లాత్కా మొదటి నుంచీ మళ్ళీ పరీక్షలు చేసింది, చేత్తో. చీటీలు చేత్తో రాసింది. సీసాలు చంకన పెట్టుకుని తనే మూడంతస్తులు ఎక్కింది. అప్పటికే ఆమెని లోపలికి తీసుకెళ్ళి గర్భసంచి తీసెయ్యడం మొదలుపెట్టేశారు.

ప్రాణం నిలిచింది. బిడ్డ బాగుంది.

అరగంట ముందు రక్తం అందుంటే తీసేవాళ్ళు కాదా అని డాక్టర్ని అడిగాడట ఆమె మొగుడు. చెప్పలేనన్నాడట.

నేను వద్దన్నాను. ఫిబ్రవరి 19. ముద్ర ఉంది.

మార్చి 14

ముద్ర ఉంది.

మార్చి 15, శుక్రవారం

విచారణ. డైరెక్టరమ్మ, వకీలు, రాజధాని సోఫియా నుంచి వచ్చిన ఒక బట్టతలాయన. నా కాగితం బల్ల మీద పెట్టాను. చేతి నుంచి చేతికి తిరిగింది. బట్టతలాయన చదివి నా వైపు గౌరవంగా చూశాడు. ఎన్నేళ్ళుగా ఎదురు చూశాను అలాంటి చూపు కోసం.

తర్వాత ల్యూబెన్‌ని అడిగారు. లేచి నిలబడి, "నిర్ణయం నాది. డోనెవా గారు మొదటి రోజే వద్దన్నారు. నేను వినలేదు" అన్నాడు. ఇంకేమన్నా చెప్పేదుందా అని అడిగారు. లేదన్నాడు. నా వైపు చూడలేదు.

లేదన్నాడు.

ఎవడడిగాడు వీణ్ణి? నోరుందిగా, చెప్పచ్చుగా, చెప్తే నేను సమాధానం చెప్పుకుంటానుగా. నా దగ్గర సమాధానం ఉంది. పది రోజులుగా తయారుగా ఉంది. పెద్దమనిషిలా నోరు మూసుకుని నన్ను ఇలా నిలబెట్టాడు.

బయటికొచ్చాక డైరెక్టరమ్మ నా భుజం మీద చెయ్యేసి, సోమవారం నుంచి విభాగం మీరే చూసుకోండి అంది. వాడి మంచితనం, ఆమె కుర్చీ, రెండూ నాకక్కర్లేదు.

అక్కర్లేదని చెప్పలేదు. సరేనని తల ఊపి వచ్చాను.

మార్చి 17, ఆదివారం

మధ్యాహ్నం జ్లాత్కా వచ్చింది. కోటు విప్పలేదు. కాఫీ అంటే వద్దంది. వంటింటి బల్ల దగ్గర నిలబడే అడిగింది.

"నాలుగో తారీఖున ల్యూబెన్ ల్యాబుకొచ్చి నాతో కాఫీ తాగాడు. ఇస్క్రా అక్కదే రైటు, తను కోరినట్టే మార్చమని నిన్న ఫోన్ చేసి చెప్పాను అన్నాడు. చెప్పాడా, లేదా?"

వాడు ఏదేదో అన్నాడు, సరిగ్గా గుర్తులేదన్నాను.

"ఏమే, నేనెవరనుకున్నావే? చెప్పాడా లేదా?"

చెప్పాడు, కానీ కాగితం మీద రాసివ్వమన్నాను అన్నాను. ఇవ్వలేదు. రాతపూర్వకంగా ఆదేశం లేకుండా నేనెలా మారుస్తాను, రేపు ఏదన్నా అయితే నా మీదకి తోస్తారు, నియమం నియమమే. ఇంకా చాలా చెప్పాను. అది కదలకుండా విన్నది.

"పన్నెండో తారీఖున ఎవరి కాగితం చూసి మార్చావ్?" అంది.

నేను పొయ్యి మీంచి కాఫీ గిన్నె దించాను.

"ఆ సీసాలు పట్టుకుని నేను మెట్లెక్కుతున్నప్పుడు నా గుండె ఆగిపోతుందనుకున్నా. ఆ గది తలుపు దగ్గరికెళ్తే, ఇప్పుడా తెచ్చేది, లోపల సగం అయిపోయిందన్నారు. స్విచ్ పోయిందంటే, మిషనే కదా, ఎవర్ని తిడతాం అనుకున్నా. నిన్ను తిట్టాలని నాకేం తెలుసు."

తలుపు మెల్లగానే వేసి వెళ్ళింది. దభాలున వేసుంటే బాగుండేది.

అదే రోజు, సాయంత్రం

మూడో తారీఖు రాస్తున్నాను. అప్పుడు రాయనిది.

వాడు ఫోన్‌లో "అక్కా" అన్నాడు. శుభాకాంక్షలు చెప్పాడు. తర్వాత, "అక్కా, నువ్వన్నదే నిజం. వేగం ఏమీ పెరగలేదు. నేనే మొండికేశాను. ఎల్లుండి వచ్చాక నువ్వనుకున్నట్టే ఒకటి పైకి, ఒకటి కిందికి మార్చెయ్" అన్నాడు. అంతే. నాకు కావలసింది మొత్తం అందులో ఉంది.

నేనేమన్నాను? నవ్వాను. "ఆ మాట మీటింగులో అందరి ముందూ అనండి. లేదా కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి సార్. అప్పుడు మారుస్తా." వాడు, అక్కా ప్లీజ్ అన్నాడు. పొయ్యి మీద కూర మాడుతోందని పెట్టేశాను. కూర ఏమీ మాడలేదు.

వాడు రాసివ్వడని నాకు తెలుసు. తప్పు చేశానని సొంత చేత్తో రాయడం వాడి వల్ల కాదు. తెలిసే అడిగాను.

ఏడో తారీఖున ఫ్యాను చప్పుడు విన్నప్పుడు నాకు భయం వెయ్యలేదు. సంతోషం వేసింది. పోనీ అనుకున్నాను. ఒక పది నిమిషాలు పోనీ, డైరెక్టరమ్మ ముందే పోనీ, అందరూ నవ్వారుగా. పడేది వాడే అనుకున్నాను. ఎక్స్‌రేలు రాక డాక్టర్లు గోల పెడతారు, వాడికి చెమటలు పడతాయి. నా లెక్కలో అంతే ఉంది. బ్లడ్ బ్యాంకు కూడా ఆ సర్వర్లోనే ఉందని నాకు తెలియక కాదు. దాన్ని అందులో ఎక్కించింది నేనే.

మార్చి 18, సోమవారం

డైరెక్టరమ్మ గదికి ఎనిమిదింటికే వెళ్ళాను. చెప్పాను. ఆమె వింటూ విసుగ్గా గడియారం చూసింది. విచారణ అయిపోయింది, ల్యూబెన్ సంతకం పెట్టాడు, సోఫియా ఆయన కాగితాలు తీసుకుని వెళ్ళిపోయాడు, ఇప్పుడిది తవ్వితే ఎవరికి లాభం అంది. ఆ మనిషి ఒప్పుకున్నాక మీకెందుకీ నొప్పి అంది. కుర్చీ బరువనిపిస్తే వద్దనండి, అంతేగానీ కథలు చెప్పకండి అంది.

కథ కాదన్నాను. రాసిచ్చాను. తీసుకోను అంది. కింద ఆఫీసులో ముద్ర కొట్టించాను. ఈసారి ముద్ర కొట్టే మనిషి ఆవలించలేదు, రెండుసార్లు చదివింది.

ల్యూబెన్ తన బల్ల ఖాళీ చేస్తున్నాడు. ఇదే విభాగంలో పాత కింది ఉద్యోగానికే వెనక్కి. ఎందుకు చెప్పలేదురా అనడిగాను. నన్ను కాపాడుతున్నానని అనుకున్నావా అన్నాను. నా గొంతు లేచింది, పక్క గదిలో వాళ్ళు తలలెత్తారు.

వాడికీ కోపమొచ్చింది. పదకొండేళ్ళలో మొదటిసారి. "నిన్ను కాపాడటమేంటి? నీ దగ్గర ముద్రేసిన కాగితం ఉంది. నా దగ్గర ఫోన్‌లో అన్న మాట ఉంది. ఎవరు నమ్ముతారు? తప్పు తన మీంచి తోసేస్తున్నాడంటారు. అయినా రెండు లైన్లు రాసివ్వడానికి నాకేం రోగం? ఆ రోజు రాసుంటే నువ్వు మార్చేదానివి. రాయడానికి కూర్చున్నా కూడా. నీ మొహం గుర్తొచ్చింది, ఆ నవ్వు. చించేశా."

పెట్టె ఎత్తుకున్నాడు. "నువ్వు నవ్వకుండా ఉండాల్సింది" అన్నాడు.

నువ్వు రాయాల్సింది అన్నాను. ఇద్దరం అలాగే నిలబడ్డాం, కొట్టుకోబోయేవాళ్ళలా.

మార్చి 19

కుర్చీ వద్దని డైరెక్టరమ్మకి చెప్పాను.

మార్చి 20, బుధవారం

మిగ్లెనా దగ్గరికి వెళ్ళాను. వెళ్ళొద్దని వకీలు నిన్న కబురు పంపాడు.

కిటికీ పక్క మంచం. పాప పక్కన గాజు తొట్టెలో నిద్రపోతోంది. నేనెవరో చెప్పాను. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను, మొదటి నుంచీ. కేబుళ్ళు, స్విచ్, ఫోన్, ఫ్యాను చప్పుడు. అర్థం కానిచోట ఆపి అడిగింది. ఆమె బడిలో లెక్కల టీచరట, తెలివైన మనిషి. సగంలోనే మొత్తం పట్టేసింది.

క్షమించమని అడగలేదు. అడగాలనే వెళ్ళాను, నోరు రాలేదు.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండనుకున్నాను.

"మీకు ఆయన మీద కోపం," అంది. "నేను మీకు కనపడలేదు. అంతేనా?"

అంతే అన్నాను.

"ఇదంతా రాసివ్వండి. డైరెక్టరుకిచ్చింది కాదు. నాకు."

నర్సు దగ్గర కాగితం అడిగి తెచ్చుకుని, మంచం పక్క చిన్న బల్ల మీద వంగి రాశాను. తారీఖులు వేశాను. సంతకం పెట్టి ఇచ్చాను. ఆమె పిల్లల నోటుపుస్తకం దిద్దుతున్నట్టు మెల్లగా, వేలు పెట్టి చదివింది. ఒకచోట ఆగింది.

"'మార్చి 3 తర్వాత కేబుళ్ళు మార్చబడలేదు' అని రాశారు. ఎవరు మార్చలేదు?"

కాగితం వెనక్కి తీసుకున్నాను. ఇరవై ఏళ్ళుగా ఆసుపత్రిలో అలాగే రాస్తున్నాం, చెయ్యి దానంతటదే అలా పోయింది. ఆ లైను కొట్టేసి పైన రాశాను: నేను మార్చలేదు.

కొట్టివేతలు వద్దు, మళ్ళీ మొత్తం రాయమంది. ఇంకో కాగితం తెచ్చి రాశాను. పాప లేచి ఏడుపు మొదలుపెట్టింది. ఆమె కుట్లు నొప్పెడుతుంటే పళ్ళు బిగించి లేచి, పాపని ఎత్తుకుంది. నేను సాయానికి చెయ్యి చాపితే వద్దంది. పాపని ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో నా కాగితం పట్టుకుని, ఈసారి నిలబడే, చివరి అక్షరం దాకా చదివింది.